సెల్ఫ్ తిరగకపోతే బ్యాటరీ మీదే నేరం మోపకండి

సంపాదకులకు నమస్కారం.

కారు స్టార్ట్ కాకపోతే ఏం చేయాలంటూ మీ పత్రిక వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. రాసినవారి ఉద్దేశం మంచిదే. కానీ అందులో రెండు మాటలు పాఠకుల చేత డబ్బు తగలేయించేవి, మూడోది కారునే పాడుచేసేది. మొదటిది, మీటరులో 12 వోల్టులు చూపిస్తే బ్యాటరీ బాగున్నట్టేనని. రెండోది, మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఇంకేమీ చూడకుండా మార్చేయమని. మూడోది, బ్యాటరీని చార్జి చేసే డైనమో (ఆల్టర్నేటర్) పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి చూడమని. లేఖ పొడుగైతే మన్నించాలి. కుదించి వేస్తే కొలతలు పోతాయి, కొలతలు పోతే ఇందులో పనికొచ్చేదేమీ మిగలదు.

ముందు ఆ 12 వోల్టుల మాట. పేరుకి 12 వోల్టుల బ్యాటరీయే గానీ లోపల ఆరు సెల్‌లుంటాయి, నిండు చార్జిలో ఒక్కో సెల్ 2.1 వోల్టులిస్తుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేసిన బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే. మీ వ్యాసం బాగుందన్న బ్యాటరీ నిజానికి అడుగంటింది. ఎంతసేపు చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరింట్లో ఒక సెల్ పోయినట్టు, దాన్ని మాత్రం మార్చాల్సిందే. ఇంకో చిక్కుంది. బండి ఆపిన వెంటనే మీటరు పెడితే 12.9, 13 కూడా కనిపిస్తుంది. అది పలకల మీద పైపైన ఉన్న చార్జి, కాఫీ మీద నురగ లాంటిది. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆర్పి, ఐదు నిమిషాలాగి చూస్తే అసలు మట్టం తెలుస్తుంది. అంతకన్నా నమ్మకమైనది పొద్దుటి కొలత. రాత్రే బానెట్ లాక్ వదిలేసి పెట్టుకుని, తెల్లారాక కారు తలుపు తీయకుండానే కొలవాలి. ఎందుకంటే తలుపు తీయగానే లోపలి లైట్లు, కంప్యూటర్లు అన్నీ నిద్ర లేచి కరెంటు లాగడం మొదలుపెడతాయి.

సరే, 12.6 ఉంది. అయినా సెల్ఫ్ మూలుగుతోంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కాబట్టి వైర్లన్నీ బాగున్నాయనుకుంటారు. హెడ్‌లైట్ బల్బులు రెండూ కలిపి లాగేది 9, 10 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ అయితే 200 దాటుతుంది. టెర్మినల్ కింద తెల్లటి పొర ఒకటి చేరి 0.01 ఓం అడ్డు పడిందనుకుందాం. హెడ్‌లైట్ల దారిలో అది మింగేది 0.1 వోల్టు, కంటికి తెలియదు. అదే పొర సెల్ఫ్ దారిలో 150 ఆంపియర్లకి 1.5 వోల్టులు మింగేస్తుంది. బ్యాటరీ ఇచ్చినదాంట్లో మోటారుకి చేరేది తొమ్మిదో, అంతకన్నా తక్కువో. మోటారు మూలగక ఏం చేస్తుంది?

ఈ 0.01 ఓంని మీటరు ఓమ్స్‌లో పెట్టి పట్టుకోవాలని చూస్తే దొరకదు. మామూలు మల్టీమీటరు ప్రోబ్ వైర్లకే 0.2, 0.3 ఓం ఉంటుంది. బీప్ మోగిందంటే తీగ తెగలేదని మాత్రమే అర్థం. లావు కేబుల్‌లో వంద పోగులుంటే తొంభై తెగిపోయి పది మిగిలినా బీప్ మోగుతుంది. అందుకని సెల్ఫ్ తిరుగుతుండగా, కరెంటు పారుతుండగా, వోల్టులే కొలవాలి. అయిదారు వందల రూపాయల మీటరు చాలు.

మీటరు తీయకముందే చెవీ కన్నూ సగం పని చేసిపెడతాయి. బండిని గోడకి ఎదురుగా ఉంచి హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. కొన్ని కొత్త కార్లలో సెల్ఫ్ కొట్టగానే హెడ్‌లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, అలాంటి వాటిలో లోపలి రూఫ్ లైటు చూడండి. లైటు పూర్తిగా కునికిపోయి టకటకటకమని మిషన్ కుట్టినట్టు చప్పుడొస్తే బ్యాటరీ దిగిపోయిందో, టెర్మినల్ వదులో. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతూ అసలు చప్పుడే లేకపోతే సెల్ఫ్‌కి ఆజ్ఞ వెళ్లలేదు. తాళం నుంచి సోలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) దాకా ఉన్న సన్న వైరు దారి చూడాలి. లైటు పెద్దగా తగ్గకుండా ఒక్కసారి గట్టిగా 'టక్' అని ఆగిపోతే, సోలినాయిడ్ తన పని తాను చేసింది, మోటారు కరెంటు తీసుకోవడం లేదు. లోపలి రాగి కాంటాక్టులో, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లో అయి ఉండాలి. అదే 'టక్' వచ్చి లైటు బాగా కుంగిపోతే లెక్క తిరగబడుతుంది: కరెంటు దండిగా పోతోంది, కానీ మోటారు కదలలేకపోతోంది. మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ పట్టేసిందో, ఇంజినే పట్టేసిందో. గిర్రుమని మోటారు ఒక్కటే తిరిగి ఇంజిన్ కదలకపోతే మోటారుని ఇంజిన్ పళ్లకి తగిలించే బెండిక్స్ సంగతి, అది కరెంటు జబ్బు కాదు.

ఆ టకటక ఎందుకొస్తుందో తెలిస్తే తప్పుడు ఖర్చు తప్పుతుంది. సోలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి ప్లంజర్ అనే ఇనుప కడ్డీని లాగేది, ఇంకొకటి లాగాక పట్టి ఉంచేది. లాగే చుట్టకి ఎర్త్ మోటారు లోంచే దొరుకుతుంది. కాంటాక్టు కలవగానే దాని రెండు కొసల మీదా బ్యాటరీ వోల్టులే వచ్చి అది పని మానేస్తుంది. ఆ తర్వాత ప్లంజర్ నిలబడేది పట్టి ఉంచే చుట్ట బలంతోనే. బ్యాటరీలో పస లేకపోతే కాంటాక్టు కలిసిన మరుక్షణం వోల్టులు కుప్పకూలి ప్లంజర్ జారిపోతుంది. మోటారు భారం తప్పగానే వోల్టులు లేస్తాయి, మళ్లీ లాగుతుంది, మళ్లీ జారుతుంది. సెకనుకి చాలాసార్లు. అయితే నిండు బ్యాటరీ, శుభ్రమైన టెర్మినళ్లు ఉండి కూడా టకటక వస్తే ఆ పట్టి ఉంచే చుట్ట తెగిందేమో చూడాలి. ఇక్కడ కొత్త బ్యాటరీ వేస్తే టకటక ఇంకాస్త హుషారుగా కొడుతుంది, అంతే.

ఇక కొలత. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా. ఇంజిన్ అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి. లైనులో మిగిలిన పెట్రోలుతో ఒకసారి అందుకుని ఆగిపోతుంది, తర్వాత ఉత్తినే తిరుగుతుంది. ఒక్కో విడతకి 10 సెకన్లు మించొద్దు, మధ్యలో నిమిషమైనా ఆపాలి, లేకపోతే వేడికి మోటారు చుట్ల మీద వార్నిష్ మాడుతుంది. చేతికి ఉంగరం, గడియారం తీసేయండి. తాళం తిప్పడానికి ఇంకో మనిషి ఉండాలి.

మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి ముందు బ్యాటరీ రెండు పోస్టుల మీద ప్రోబులు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. మంచి బ్యాటరీ 10, 11 దగ్గర నిలబడుతుంది. 9.6 కన్నా దిగజారితే బ్యాటరీ అలిసిపోయిందో, మోటారు అతిగా లాగుతోందో. ఇంతవరకూ చాలామంది చేస్తారు. ఆ తర్వాతది చేయరు.

ప్రోబు మొన ఎక్కడ ఆనిందన్నదే అసలు విద్య. ఎర్ర ప్రోబుని బ్యాటరీ పాజిటివ్ పోస్టు సీసపు మొద్దు నడినెత్తిన గుచ్చండి, క్లాంపు మీద కాదు. నల్ల ప్రోబుని దాన్ని పట్టుకుని ఉన్న క్లాంపు మీద పెట్టండి. రెంటికీ మధ్య దూరం అర సెంటీమీటరు కూడా లేదు. సెల్ఫ్ కొట్టకముందు మీటరు 0.00. కొట్టించగానే 0.05 లోపు చూపిస్తే బాగుంది. 0.1 దాటితే ఆ అర సెంటీమీటరులోనే రోగం ఉంది. 0.8 చూపించే క్లాంపులున్నాయి, పైకి చూస్తే నిగనిగలాడుతూ గ్రీజు పూసి ఉంటాయి! టెర్మినల్ బిగించే ముందు గ్రీజు పూస్తే వచ్చే తంటా ఇదే. ఒట్టి లోహం మీద ఒట్టి లోహం బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయాలి, లోపల కాదు. సన్న పోస్టు బ్యాటరీ తెచ్చి లావు పోస్టు క్లాంపు తగిలించి, సందులో మేకో రేకు ముక్కో దూర్చి కొట్టేసే పద్ధతి కూడా ఈ 0.8 కిందికే వస్తుంది.

ఎర్ర ప్రోబు అక్కడే ఉంచి నల్లదాన్ని సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ వచ్చి చేరే బోల్టుకి తీసుకెళ్లండి. ఈ దారి మొత్తానికి 0.5 వోల్టు మించకూడదు. మించితే మధ్యలో ప్రతి కీలు దగ్గరా ఆగి కొలవాలి. కీలుకి 0.1 చొప్పున లెక్క. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో అక్కడే లోటు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కేబుల్ చివర కొంచెం ఉబ్బినట్టుంటే ప్లాస్టిక్ తొడుగు కోసి చూడండి. రాగి పోగులకి బదులు పచ్చటి పొడి రాలుతుంది. మీటరు లేనివాళ్లకి ఇంకో ఉపాయం: పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఆపి, వెంటనే ఒక్కో జాయింటు దగ్గరికి చెయ్యి వెనక భాగం తీసుకెళ్లండి. 150 ఆంపియర్ల మీద 1.5 వోల్టులు పోవడమంటే 225 వాట్ల వేడి ఒక్కచోట పుట్టడం. దొంగ జాయింటు తన ఉనికి తానే చెప్పుకుంటుంది.

ఇప్పుడు ఎర్త్ వైపు. ఎక్కువ కార్లు ఇక్కడే దొరుకుతాయి, ఎక్కువమంది ఇక్కడే చూడరు. ఎర్ర ప్రోబు మోటారు బాడీ మీద రంగు లేని చోట, నల్లది బ్యాటరీ నెగటివ్ పోస్టు మొద్దు మీద. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.2, మహా అయితే 0.3 వోల్టు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి బాడీకీ దానికీ కరెంటు వంతెన ఒక అల్లిక పట్టీయో, నల్ల కేబులో. క్లచ్ ప్లేట్లో గేర్‌బాక్సో దించి ఎక్కించినప్పుడు ఆ పట్టీ బోల్టు మర్చిపోవడం మామూలే. అప్పుడు 150 ఆంపియర్లూ దొరికిన దారి పట్టుకుంటాయి: యాక్సిలరేటర్ కేబులు, క్లచ్ కేబులు, గేరు కేబులు. గేర్‌బాక్స్ పని జరిగిన వారానికే క్లచ్ కేబులు బిగుసుకుపోయి, సెల్ఫ్ కూడా మందగిస్తే కేబులు మార్చే ముందు ఆ పట్టీ ఉందో లేదో చూడండి. పరీక్ష తేలిక. జంపర్ కేబుల్ నల్లది ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజిన్ లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. గిర్రున తిరిగితే ఎర్త్ దొంగ దొరికాడు.

రెండు వైపులా అంకెలు బాగున్నాయి, మోటారు దగ్గర 10 వోల్టుల పైనే ఉంది, అయినా 'టక్' తప్ప ఏమీ లేదు. అప్పుడు సోలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య కొలవండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అక్కడ 0.3 మించి చూపిస్తే లోపలి రాగి కాంటాక్టులు అరిగిపోయాయి. విప్పి చూస్తే రాగి బిళ్ల ఒక అంచున చెదపురుగు కొట్టినట్టు గుంటపడి, నల్లటి మసితో ఉంటుంది. కొన్ని మోడళ్లకి ఆ కాంటాక్టులు, బిళ్ల విడిగా దొరుకుతాయి. మోటారు మొత్తం మార్చక్కర్లేదు. కాంటాక్టుల దగ్గర లోటు లేకపోతే మిగిలింది కార్బన్లు. మోటారు బాడీ మీద చిన్న కర్రతో తడితే ఒకసారి తిరిగిందంటే కార్బన్లు పొట్టివైపోయి, తిరిగే రాగి భాగమైన కమ్యుటేటర్‌ని అందుకోలేకపోతున్నాయని అర్థం. ఆ దెబ్బ వైద్యం కాదు, ఇంటికి చేరడానికి మాత్రమే. పైగా చాలా కొత్త మోటార్లలో లోపల శాశ్వత అయస్కాంతాలుంటాయి, సుత్తితో బాదితే అవి పగులుతాయి.

అసలు చప్పుడే లేని కేసులో లావు కేబుళ్ల జోలికి పోవద్దు. సోలినాయిడ్ మీద 50 అని రాసి ఉండే సన్న పిన్ను దగ్గర మొదలుపెట్టండి. తాళం తిప్పినప్పుడు అక్కడికి బ్యాటరీ వోల్టులు రావాలి. వస్తే సోలినాయిడ్ చెడింది. రాకపోతే వెనక్కి నడవండి: రిలే, ఫ్యూజు, తాళం స్విచ్, మధ్యలో కాపలా స్విచ్. ఆటోమేటిక్ కారైతే పార్క్‌లో తీసుకోని సెల్ఫ్ న్యూట్రల్‌లో తీసుకుంటుందేమో చూడండి. తీసుకుంటే గేర్‌బాక్స్ మీది స్విచ్‌దే తప్పు. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తీసుకునే కార్లలో పెడల్ వెనక స్విచ్ ఉంటుంది. అది వదులైనా, ఫ్లోర్ మ్యాట్ పెడల్ కింద ఇరుక్కుని క్లచ్ పూర్తిగా దిగకపోయినా కారు కిక్కురుమనదు. పుష్ బటన్ కార్లలో బ్రేక్ స్విచ్ చెడినా అంతే, వెనక బ్రేక్ లైట్లు వెలగడం లేదంటే అనుమానం అటే. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ కొట్టుకుంటూ ఉంటే ఇమ్మొబిలైజర్, అంటే దొంగతాళాన్ని ఆపే ఏర్పాటు. రెండో తాళంతో ప్రయత్నించాకే మిగతా విషయాలు. రిలే అనుమానమైతే ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న హారన్ రిలే తీసి దీని స్థానంలో పెట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక ఎలక, రెండు రాత్రులు ఉంటే మాత్రం ఈ వరసంతా పక్కనపెట్టి ముందు వైరింగ్ తొడుగు మీద పంటిగాట్లు వెతకాలి.

ఈ పరీక్షల్లో ఒకటి వద్దంటే వద్దు. స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ దగ్గర కరెంటు కలిపి సెల్ఫ్ తిప్పడం పాత అంబాసిడర్ల కాలం నుంచీ ఉన్న అలవాటు. బండి గేరులో ఉందంటే అది ముందుకి దూకేది ఆ పని చేస్తున్న మనిషి మీదికే.

చల్లగా ఉన్నప్పుడు బాగానే తీసుకుని, హైవే మీద గంట నడిపి టీ తాగడానికి ఆపి మళ్లీ కొడితే తీసుకోని బండ్లది ప్రత్యేకమైన తెగ. సెల్ఫ్ మోటారు చాలా కార్లలో ఎగ్జాస్ట్ పక్కనే కూర్చుంటుంది. రాగి తీగ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వేడెక్కితే దాని అడ్డు పావు వంతుకి పైగా పెరుగుతుంది. ఆ మేరకు ప్లంజర్‌ని లాగే బలం తగ్గుతుంది. తాళం స్విచ్ కాంటాక్టులు కూడా అరిగి ఉంటే ఇక అందదు. వేడి మీద ఉన్నప్పుడే 50 పిన్ను దగ్గరా బ్యాటరీ దగ్గరా ఒకేసారి కొలిచి తేడా చూడండి. వోల్టు మించి తేడా ఉంటే సన్న వైరు దారిలోనే లోటు. రిలే లేకుండా తాళం నుంచే నేరుగా సోలినాయిడ్‌కి వెళ్లే పాత బండ్లకి మధ్యలో రిలే ఒకటి వేస్తే ఆ బాధ తీరుతుంది.

నీళ్లలో మునిగిన కారు సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి బండిలో సెల్ఫ్ కొడితే వచ్చే ఒక్క 'టక్'ని పైన చెప్పిన 'టక్'తో కలపకండి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు, నీళ్లు నొక్కితే నలగవు. మళ్లీ మళ్లీ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీసి, నీళ్లు బయటికి కక్కించాకే సెల్ఫ్ గురించి ఆలోచించాలి. అసలు మునిగిన బండికి మొదట తీయాల్సింది బ్యాటరీ నెగటివ్. కరెంటు ఉన్న తీగ తడిలో ఒక్క రోజులో పట్టే తుప్పు, కరెంటు లేని తీగకి వారాలైనా పట్టదు.

మూడేళ్ల బ్యాటరీ మాటకొస్తే, వయసు ఒక సూచనే గానీ తీర్పు కాదు. బ్యాటరీని చంపేది వేడి. ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు సగం తగ్గుతుందని లెక్క. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఆరుబయట నిలబడే ట్యాక్సీ బ్యాటరీ రెండేళ్లకే చేతులెత్తేయొచ్చు, సెల్లార్‌లో నీడపట్టున ఉండే కారుది అయిదేళ్లు రావొచ్చు. వేసవిలో దెబ్బతిని చలికాలం పొద్దున బయటపడుతుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాల్సినప్పుడు లేని శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? షాపులో టెస్టర్ పెట్టి 'రీప్లేస్' అని చూపించగానే నమ్మేయకండి. చార్జి లేని బ్యాటరీని పెడితే కొత్తదాన్ని కూడా చాలా టెస్టర్లు పోయిందనే అంటాయి. ముందు రాత్రంతా నెమ్మదిగా చార్జి చేసి, కొన్ని గంటలు ఆగి, అప్పుడు పరీక్షించమని అడగండి. మూతలు తెరిచే రకమైతే, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్‌లూ విడివిడిగా చూడండి. అంకె ఎంతన్నదానికన్నా తేడా ఎంతన్నది ముఖ్యం. అయిదు 1.250 చూపిస్తూ ఒక్కటి 1.190 దగ్గర ఉంటే ఆ సెల్ దారి తప్పింది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆర్‌ఓ నీళ్లూ వద్దు, ఏసీ నుంచి కారే నీళ్లూ వద్దు, యాసిడ్ అసలే వద్దు. టెర్మినల్ మీద బూజు పడితే గ్లాసు వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోస్తే బుసబుసమని పోతుంది, మూతలు బిగించి ఉండాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరు. పాజిటివ్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు నిప్పులు రాలవు.

సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో మామూలు బ్యాటరీ వేయకండి, చవకగా వచ్చిందని వేస్తే నెలల్లోనే కూర్చుంటుంది. వాటిలో నెగటివ్ పోస్టు మీద చిన్న సెన్సార్ పెట్టె ఉంటుంది. చార్జరు, జంపర్ కేబుళ్ల నల్ల క్లిప్పు పోస్టుకి కాకుండా బాడీకి పెట్టాలి, లేదంటే ఎంత చార్జి ఎక్కిందో కంప్యూటర్‌కి తెలియదు.

రోజూ పొద్దున బ్యాటరీ దిగిపోతుంటే సెల్ఫ్‌నీ బ్యాటరీనీ వదిలి, రాత్రిపూట కరెంటు తాగేదెవరో చూడాలి. ఆపిన కారు ముప్పావు గంటకి నిద్రలోకి వెళ్లాక 50 మిల్లీ ఆంపియర్లు మించి లాగకూడదు. అర ఆంపియర్ లాగితే రోజుకి 12 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడో రోజుకి ఖాళీ. మీటరుని 10 ఆంపియర్లలో పెట్టి నెగటివ్ కేబులుకీ పోస్టుకీ మధ్య వరసలో కలిపి చూడాలి. అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు ఠప్పున పోతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకే బదులు ఒక్కో ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవడం మేలు. నిద్రలో ఉన్న కంప్యూటర్లు లేవవు. సున్నా కాని ఫ్యూజు దారిలో దొంగ ఉంటాడు. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్ ట్రాకర్, డ్యాష్‌క్యామ్, ఆరని డిక్కీ లైటు, ఎక్కువగా వీళ్లే. ఎవరూ దొరక్కపోతే, డైనమోలో కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్.

డైనమో దగ్గరికి వచ్చాం కాబట్టి ఆ మూడో మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ రెండు పోస్టుల మీద మీటరు పెడితే 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి కొంచెం రేస్ చేసినా 13.5 కన్నా దిగకూడదు. కొత్త బండ్లలో కంప్యూటరే డైనమోని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి 12.6 కనిపించగానే కంగారుపడొద్దు, లైట్లన్నీ వేసి చూడండి, లేస్తుంది. తర్వాత మీటరుని ఆల్టర్నేటింగ్ కరెంటు (డీసీ కాని ఏసీ) వోల్టులకి తిప్పి అదే చోట చూస్తే 0.5 లోపుండాలి, మించితే డయోడ్ పోయింది. పరీక్ష మొత్తం రెండు నిమిషాలు, ఏ టెర్మినలూ ఊడదీసే పనిలేదు. నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ ఊడదీస్తే డైనమో ఉత్పత్తి చేస్తున్న కరెంటుకి పోవడానికి చోటుండదు. రెగ్యులేటర్ తేరుకునే లోపు వోల్టులు క్షణంపాటు పదుల్లోకి ఎగురుతాయి. కార్బ్యురేటర్ కాలపు అంబాసిడర్‌లో మహా అయితే నాలుగు బల్బులు పోయేవి. ఇప్పటి కారులో పోయేది ఇంజిన్ కంప్యూటర్, దాని ఖరీదులో నాలుగైదు బ్యాటరీలొస్తాయి.

మిగతావాటికి వీలున్నప్పుడు స్థలమివ్వండి. ఈ టెర్మినల్ మాటకి మాత్రం వచ్చే వారం వాహనాల పేజీలోనే, మొదటి వ్యాసం వచ్చిన చోటే, సవరణ వేయగలరని కోరుతున్నాం. ఆ పేజీ కత్తిరించి దాచుకునేవాళ్లున్నారు.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రీషియన్లు కొందరు,
ఆటోనగర్, విజయవాడ